ఎనిమిది డాలర్లకు ఒక సెంటు: వేటకు రాని ప్రాణులకు మిస్సోరి నిధి ఎలా కట్టింది

ఓజార్క్ కొండల్లో పారే చల్లటి వాగుల్లో, పెద్ద రాతిపలకల కింద హెల్‌బెండర్ అనే ఉభయచరం బతుకుతుంది. రెండడుగుల దాకా పెరుగుతుంది. ముడతలు పడ్డ ఆ చర్మమే దానికి ఊపిరితిత్తి. పగలు బయటికి రాదు. దాన్ని వేటాడేవాళ్ళు లేరు, తినేవాళ్ళు లేరు, చూడటానికి టికెట్ కొనేవాళ్ళు అసలే లేరు. అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో దాని సంఖ్య కొన్ని దశాబ్దాల్లో 70 శాతానికి పైగా పడిపోయింది. ఓజార్క్ హెల్‌బెండర్‌ను 2011 అక్టోబరులో ఫెడరల్ ప్రభుత్వం అంతరించే జాతుల జాబితాలో చేర్చింది.

జాబితాలో చేర్చినంత మాత్రాన డబ్బు రాదు. నదిలో దిగి రాళ్ళు ఎత్తి లెక్క తీసే బృందానికి జీతం ఏ ఖాతాలోంచి ఇవ్వాలి? గుడ్లు పొదిగించే తొట్లలో నీళ్ళు చల్లబరిచే యంత్రానికి కరెంటు బిల్లు ఎవరు కట్టాలి? రాష్ట్ర వన్యప్రాణి శాఖల్లో నాన్-గేమ్ విభాగం నడిపేవాళ్ళ అసలు పని సగం ఇదే. నాన్-గేమ్ అంటే వేటకూ గాలానికీ లెక్కరాని ప్రాణులు: కప్పలు, గబ్బిలాలు, పాటపిట్టలు, ఆల్చిప్పలు, పాములు, పురుగులు. రాష్ట్రంలో ఉన్న జీవజాతుల్లో అత్యధికం ఇవే. బడ్జెట్లో వీటి వాటా మాత్రం ఎక్కడ చూసినా అట్టడుగున ఉంటుంది.

అందుకే ఈ అధ్యయనం పొడుగునా ప్రతి నిధినీ ఒకే కొలతతో కొలుస్తున్నాం. ఆ డబ్బు హెల్‌బెండర్ దాకా చేరుతుందా, చేరదా? చేరితే ఎన్నేళ్ళు ఆగకుండా చేరుతుంది?

వేటగాళ్ళ డబ్బు ఎక్కడ ఆగుతుంది

అమెరికాలో రాష్ట్ర వన్యప్రాణి శాఖలు నిలబడింది వేట లైసెన్సుల మీద, దానికి తోడు 1937 నాటి పిట్మన్-రాబర్ట్‌సన్ చట్టం మీద. పొడుగు తుపాకుల మీద, తూటాల మీద 11 శాతం, పిస్తోళ్ళ మీద 10 శాతం ఎక్సైజ్ పన్ను ఉంటుంది. విల్లంబుల సరంజామా 1970లలో చేరింది. ఈ పన్నును దుకాణంలో కాకుండా తయారీదారు దగ్గర, దిగుమతిదారు దగ్గర వసూలు చేస్తారు. వన్యప్రాణుల పునరుద్ధరణకు వెళ్ళే సొమ్మును రాష్ట్రాలకు పంచేటప్పుడు సగం రాష్ట్ర విస్తీర్ణం చూస్తారు, సగం డబ్బు కట్టిన లైసెన్సుదారుల సంఖ్య చూస్తారు. ఏ రాష్ట్రానికీ 5 శాతం మించదు, అర శాతానికి తగ్గదు. ఖర్చులో 75 శాతం ఫెడరల్, 25 శాతం రాష్ట్రం. చేపల వేట సామగ్రి మీద ఇలాంటి పన్నే 1950లో డింగెల్-జాన్సన్ చట్టంతో వచ్చింది.

ఈ ఏర్పాటు గొప్పగా పనిచేసింది, చేస్తోంది. తెల్లతోక జింక, అడవి టర్కీ కోడి ఈరోజు ఇన్ని కనిపిస్తున్నాయంటే వేటగాళ్ళు కట్టిన సొమ్మే కారణం. దానికి ఉన్న తాళం కూడా గట్టిది. లైసెన్సు ఆదాయాన్ని శాఖ పనులకు తప్ప దేనికీ మళ్ళించబోమని రాష్ట్రం చట్టం చేస్తేనే ఫెడరల్ వాటా వస్తుంది. మళ్ళిస్తే, మళ్ళించిన సొమ్ము తిరిగి జమచేసేదాకా వాటా ఆగిపోతుంది. ఎన్నో రాష్ట్రాల్లో ఖజానా ఖాళీ అయినప్పుడు లైసెన్సు డబ్బు మీద చెయ్యి పడకుండా కాపాడింది ఈ నిబంధనే.

మన హెల్‌బెండర్ మాత్రం ఇందులో ఇమడదు. పిట్మన్-రాబర్ట్‌సన్ నియమాల్లో వన్యప్రాణి అంటే పక్షులు, క్షీరదాలు. డింగెల్-జాన్సన్‌లో చేపంటే గాలానికి పడే క్రీడా చేప. ఉభయచరానికి రెండు తలుపులూ మూసే ఉంటాయి. చిత్తడి నేలను బాతుల కోసం బాగుచేస్తే అక్కడి కప్ప కూడా బతుకుతుంది కదా అంటారు, నిజమే. కానీ అది పక్క ప్రయోజనం మాత్రమే. కప్పను లెక్కపెట్టే మనిషి జీతాన్ని ఆ గ్రాంటుకు రాయడం కుదరదు, రాస్తే ఆడిట్‌లో ఒప్పుకోరు.

కాంగ్రెస్‌కు ఈ లోటు తెలియక కాదు. 1980లో నాన్-గేమ్ కోసమే ఒక చట్టం చేసింది. ఆ చట్టం కింద డబ్బు మాత్రం ఎప్పుడూ కేటాయించలేదు.

మిస్సోరి ఏం చేసింది

మిస్సోరి కథ 1936 నవంబరులో మొదలవుతుంది. ఆ ఎన్నికల్లో ఓటర్లు రాష్ట్ర రాజ్యాంగాన్ని సవరించి నలుగురు సభ్యుల కన్సర్వేషన్ కమిషన్ ఏర్పాటు చేశారు. పదవీకాలం ఆరేళ్ళు, ఒకే పార్టీవాళ్ళు ఇద్దరికి మించకూడదు. డైరెక్టర్‌ను నియమించేది కమిషనే, గవర్నర్ కాదు. నిధి గురించి మాట్లాడేటప్పుడు చాలామంది దీన్ని దాటేసి నేరుగా పన్ను దగ్గరికి వెళ్ళిపోతారు, అది పొరపాటు. డబ్బు ఎవరి చేతికి వెళ్తుందో ప్రజలకు ముందే నమ్మకం ఉండబట్టే నలభై ఏళ్ళ తర్వాత వాళ్ళు పన్నుకు ఒప్పుకున్నారు.

1970లో స్టార్కర్ లియోపోల్డ్, ఇర్వింగ్ ఫాక్స్, చార్లెస్ కాలిసన్ అనే ముగ్గురు బయటి నిపుణులు ఈ కమిషన్ కింద నడిచే శాఖ పనిని పరిశీలించి నివేదిక ఇచ్చారు. వేటకు రాని ప్రాణులను, ప్రకృతిని ఊరికే చూసి ఆనందించే పౌరులను కూడా శాఖ పట్టించుకోవాలని, దానికి లైసెన్సు డబ్బు చాలదని తేల్చారు. దాని ఆధారంగా శాఖ 'డిజైన్ ఫర్ కన్సర్వేషన్' అనే ప్రణాళిక రాసింది. ఏ భూమి కొంటాం, ఏ సేవలు ఇస్తాం, ఎవరికి ఇస్తాం అన్నవి అందులో విడమరిచి ఉన్నాయి. ముందు పని, తర్వాత దాని ఖరీదు, ఆ తర్వాతే పన్ను. ఈ వరుసను తిరగేసిన ఉద్యమాలు ఓడిపోవడం మామూలే.

మొదటి ప్రయత్నం తప్పింది. కూల్‌డ్రింకుల మీద సీసాకు ఒక సెంటు పన్నును ఓటుకు పెట్టించడానికి 1970ల ఆరంభంలో పౌరుల సంతకాలు సేకరించారు. అయితే పిటిషన్ పత్రంలో ఉండి తీరాల్సిన శాసన వాక్యం, అంటే 'ఇందుమూలంగా చట్టం చేయడమైనది' అన్న తరహా వాక్యం, రాయలేదు. దాంతో ఆ సంతకాలేవీ చెల్లలేదు. ఊరూరా తిరిగిన స్వచ్ఛంద కార్యకర్తల శ్రమ ఒక వాక్యం దగ్గర వృథా అయింది. పిటిషన్ నమూనాను అచ్చుకు పంపే ముందు రాష్ట్ర కార్యదర్శి కార్యాలయ నియమాలతో పక్కపక్కన పెట్టి వాక్యం వాక్యం చదివించాలని ఈ రంగంలో ఇప్పటికీ చెప్పుకునేది అందుకే.

ఒక విధంగా ఆ ఓటమి మేలే చేసింది. ఒకే పరిశ్రమ మీద పన్ను వేస్తే ఆ పరిశ్రమ తన డబ్బంతా పెట్టి ఎదురు నిలుస్తుంది. అందరూ కొంచెం కొంచెం కట్టే పన్నుకు అలాంటి ఒక్క శత్రువంటూ ఉండదు. రెండోసారి వాళ్ళు ఎంచుకున్నది సాధారణ అమ్మకపు పన్ను: ఒక శాతంలో ఎనిమిదో వంతు. 1976 నవంబరు 2న జరిగిన ఓటింగులో సగానికి కాస్త మించిన ఓట్లతో గట్టెక్కింది. 1977 జూలై 1 నుంచి పన్ను అమల్లోకి వచ్చింది.

సవరణలోని మాటలు

రాష్ట్ర రాజ్యాంగం నాలుగో అధికరణంలో 43(ఎ), (బి), (సి) అనే చిన్న సెక్షన్లివి. కొత్తగా ఇలాంటిది రాయబోయేవాళ్ళు వీటిలో కొన్ని అంశాలను విడిగా గమనించాలి.

రేటు అంకెల్లో ఉంది: ఒక శాతంలో ఎనిమిదో వంతు. శాసనసభ ఏటా నిర్ణయించే మొత్తం అని రాయలేదు. రేటు అలా ఉన్నప్పుడు ధరలు పెరిగితే ఆదాయమూ పెరుగుతుంది. స్థిరమైన మొత్తం రాసి ఉంటే 1977 నాటి డాలరు విలువ దగ్గరే నిధి గడ్డకట్టేది.

వాడుక పరిధి వెడల్పుగా ఉంది. పక్షులు, చేపలు, వేట జంతువులు, అడవులు, వన్యప్రాణి వనరులు అన్నీ ఉన్నాయి, వాటి కోసం భూమి కొనడమూ ఉంది. చివర్లో 'మరి దేనికీ కాదు' అన్న అర్థం వచ్చే మాటలున్నాయి. వన్యప్రాణి అన్న ఒక్క పదంలో ఏ ప్రాణినీ వెలివేయలేదు, హెల్‌బెండర్ లోపలికి వచ్చింది ఆ పదం గుండానే. మొదట్లో ఏ జాతికి ఎంత శాతం అని రాసి ఉంటే, అప్పటికి ఎవరూ పెద్దగా పట్టించుకోని ఈ ప్రాణికి ఏమీ దక్కేది కాదు.

గడువు లేదు. దీని మంచిచెడ్డలు కింద చెబుతాం.

భూమికి బదులు చెల్లింపు ఉంది. శాఖ ప్రైవేటు భూమి కొంటే ఆ భూమి మీద కౌంటీకి, అంటే జిల్లా లాంటి స్థానిక పాలనకు, వచ్చే ఆస్తిపన్ను పోతుంది. ఆ సొమ్ముతో నడిచేది ఊళ్ళో బడి. అందుకే 1977 జూలై 1 తర్వాత కొన్న భూములకు, కట్టడాలు లేని నేల విలువ లెక్కన శాఖ కౌంటీలకు చెల్లించాలని రాజ్యాంగంలోనే ఉంది. ఈ ఏర్పాటు లేకుండా భూమి కొంటూ పోతే పల్లె కౌంటీల ప్రతినిధులంతా శత్రువులవుతారు. చెల్లింపు ఉన్నా కొందరు అవుతారు, అది వేరే సంగతి.

లెక్క

మిస్సోరి రాష్ట్ర అమ్మకపు పన్ను మొత్తం 4.225 శాతం. ఇందులో సాధారణ ఖజానాకు 3, చదువుకు 1, కన్సర్వేషన్‌కు 0.125, రాష్ట్ర పార్కులకూ నేల పరిరక్షణకూ కలిపి 0.1. అంటే ఎనిమిది డాలర్ల కొనుగోలుకు ఒక సెంటు హెల్‌బెండర్ వైపు వెళ్తుంది. 1,000 డాలర్లకు డాలరుం పావు. ఏడాదికి 30,000 డాలర్ల పన్ను పడే కొనుగోళ్ళు చేసే ఇంటికి 37 డాలర్ల 50 సెంట్లు. సెయింట్ లూయిస్‌లోనో కాన్సస్ సిటీలోనో కాపురముంటున్న తెలుగు కుటుంబాలు కూడా బియ్యం సంచీ కొన్నా కారు కొన్నా ఈ సెంటు కడుతూనే ఉన్నాయి. బిల్లు మీద విడిగా కనిపించదు కాబట్టి చాలామందికి తెలియదు. శాఖ నడిపే ప్రకృతి కేంద్రాలకు, కిర్క్‌వుడ్‌లోని పౌడర్ వ్యాలీ లాంటి వాటికి, ప్రవేశ రుసుము లేకపోవడానికి కారణం అదే.

100 కోట్ల డాలర్ల అమ్మకాల మీద 12.5 లక్షల డాలర్లు వస్తాయి. మొత్తం మీద ఏటా 10 కోట్ల డాలర్లు దాటుతోంది. శాఖ ఆదాయంలో సుమారు 60 శాతం ఇదే. మిగతాది ఎక్కువగా పర్మిట్లు, ఫెడరల్ సొమ్ము.

ఇందులో వేట జంతువులకు కూడా చాలా పోతుంది, దాన్ని దాచనక్కరలేదు. నాన్-గేమ్‌కు ఇంత శాతం అని విడిగా గిరి గీయలేదు. ఒకే భూమి మీద టర్కీ కోడీ పాటపిట్టా రెండూ ఉంటాయి కాబట్టి అలా గిరి గీయడం ఆచరణలో కష్టం కూడా. మా ఉద్దేశంలో గీయకపోవడమే మంచిదైంది. గిరి గీసిన చోట శాఖ లోపల వేట విభాగం, నాన్-గేమ్ విభాగం రెండు కాపురాలవుతాయి.

ప్రాణి కాలం, డబ్బు కాలం

హెల్‌బెండర్ విషయంలో ఈ నిధి విలువ మొత్తం కన్నా నిలకడలో ఉంది. ఎందుకో ప్రాణి జీవితం చూస్తే అర్థమవుతుంది.

శరదృతువులో ఆడది రాతి కింద గుడ్లు పెడుతుంది, మగది కాపలా కాస్తుంది. శాఖ బృందాలు అప్పుడు కొన్ని గుడ్లు సేకరించి సెయింట్ లూయిస్ జూకు చేరుస్తాయి. అక్కడ చల్లటి పారే నీళ్ళ తొట్లలో పిల్లలను పెంచుతారు. జూ ఆవరణలో నదిని పోలిన కృత్రిమ ప్రవాహాలు కూడా కట్టారు. ఓజార్క్ హెల్‌బెండర్ బంధనంలో మొదటిసారి పిల్లలు పెట్టింది అక్కడే, 2011లో. పిల్లను నదిలో వదలాలంటే కొన్నేళ్ళు పెంచాలి. పెద్దదై సంతానం కనడానికి ఐదు నుంచి ఎనిమిదేళ్ళు. ఆయుష్షు 30 ఏళ్ళ దాకా.

మామూలు గ్రాంటు కాలం రెండు మూడేళ్ళు. ఈ ఏడాది పొదిగిన పిల్లను నదిలో వదిలే నాటికి, దాన్ని పొదిగించిన గ్రాంటు ముగిసి రెండోదో మూడోదో నడుస్తుంటుంది. నడుమ ఒక్క ఏడాది డబ్బు ఆగితే ఆ ఏటి వరకే నష్టం అనుకోవడానికి లేదు. తొట్లు ఆపలేం, మేత ఆపలేం, మనిషిని పంపేస్తే నేర్చుకున్న చెయ్యి పోతుంది. మళ్ళీ మొదలుపెట్టడానికి ఇంకో తరం పడుతుంది. జీతం, కరెంటు, మేత లాంటి ఆగకూడని ఖర్చులను అమ్మకపు పన్ను మీద, సర్వేలు, పరికరాలు, పరిశోధన లాంటి ఆపి మొదలుపెట్టగలిగే పనులను గ్రాంటు మీద పెట్టాలన్న సూత్రం ఇక్కడి నుంచే వచ్చింది. తారుమారు చేసిన కార్యక్రమాలు ఎక్కువకాలం నిలబడవు.

పెంచి వదిలితే సరిపోదు కూడా. నదిలోకి కొట్టుకొచ్చే మట్టి, ఇసుక రాళ్ళ సందులను పూడ్చేస్తే వదిలిన పిల్లకు ఇల్లుండదు. గట్టు పక్క చెట్ల పట్టీ, పశువులు ఏట్లో దిగకుండా కంచె, పొలం నుంచి మట్టి జారకుండా పనులు కావాలి. ఇందులో కొంత భారం పైన చెప్పిన 0.1 శాతం పన్ను మోస్తుంది. దానిలో సగం రైతులకు నేల పరిరక్షణ సాయంగా వెళ్తుంది. ఏ కాగితం మీదా అది హెల్‌బెండర్ నిధి కాదు, కానీ రాతి కింద సందు మిగలడంలో దాని చెయ్యి ఉంది.

మ్యాచ్: సెంటును డాలరు చేసే చోటు

రాష్ట్రం చేతిలో సొంత డబ్బుంటే ఫెడరల్ డబ్బు తలుపు తెరుచుకుంటుంది. సొంత వాటాను ఇక్కడ మ్యాచ్ అంటారు. నాన్-గేమ్ విభాగాలు చాలా రాష్ట్రాల్లో ఫెడరల్ సొమ్మును వదిలేసుకునేది ప్రాజెక్టులు లేక కాదు, మ్యాచ్ లేక.

2000లో వన్యప్రాణుల కోసం పెద్ద శాశ్వత నిధి తెచ్చే కారా బిల్లు ప్రతినిధుల సభ దాటి సెనేట్‌లో ఆగిపోయింది. ఆ లోటు పూడ్చడానికి వచ్చినవే స్టేట్ వైల్డ్‌లైఫ్ గ్రాంట్లు. ఇవి ఏటా కాంగ్రెస్ కేటాయించే సొమ్ము. ఇటీవలి కాలంలో అన్ని రాష్ట్రాలకూ టెరిటరీలకూ కలిపి ఏటా 6 నుంచి 7 కోట్ల డాలర్ల చుట్టూ ఉంది. పంపకంలో మూడో వంతు విస్తీర్ణానికి, మూడింట రెండు వంతులు జనాభాకు. ఈ డబ్బు కావాలంటే రాష్ట్రం వైల్డ్‌లైఫ్ యాక్షన్ ప్లాన్ రాయాలి. మొదటివి 2005 అక్టోబరుకల్లా అందాయి, పదేళ్ళకోసారైనా తిరగరాయాలి. ఆ ప్లాన్లో అత్యవసర సంరక్షణ అవసరమైన జాతుల జాబితా ఉంటుంది. జాబితాలో లేని ప్రాణికి ఈ గ్రాంటు రాదు, కాబట్టి ప్లాన్ తిరగరాసే ఏడాదే ఆల్చిప్పల, పురుగుల, పాముల నిపుణులను పిలిపించి కూర్చోబెట్టాలి. తర్వాత గుర్తొస్తే ప్లాన్‌ను సవరించే తతంగం నడపాలి.

రెండో తలుపు 1973 అంతరించే జాతుల చట్టంలోని ఆరో సెక్షన్. ఇందులో ఫెడరల్ వాటా 75 శాతం, రెండు లేదా ఎక్కువ రాష్ట్రాలు కలిసి పనిచేస్తే 90 శాతం. ఓజార్క్ హెల్‌బెండర్ మిస్సోరిలోనూ అర్కాన్సాలోనూ ఉంది. రెండు రాష్ట్రాలు ఒప్పందం రాసుకుని ఉమ్మడిగా దరఖాస్తు చేస్తే ఎంత తేడా వస్తుందో చూడండి. చేతిలో 35,000 డాలర్ల సొంత డబ్బుందనుకుందాం. వైల్డ్‌లైఫ్ గ్రాంటులో పనుల అమలుకు 65:35 నిష్పత్తి, అంటే 65,000 వస్తాయి. ఆరో సెక్షన్ కింద ఒక్క రాష్ట్రమే వెళ్తే 1,05,000. రెండు రాష్ట్రాలు కలిస్తే అదే 35,000కు 3,15,000. అయితే ఆరో సెక్షన్ మొత్తం నిధి చిన్నది, పోటీ ఎక్కువ. నిష్పత్తి బాగుంది కదా అని అంతా దాని మీదే పెట్టుకుంటే రాని ఏడాది ఇబ్బంది పడాలి.

కాగితాల్లో బోల్తా పడే చోట్లు ఇవి.

ఫెడరల్ డబ్బుకు ఫెడరల్ డబ్బు మ్యాచ్ కాదు. భాగస్వామి సంస్థ ఖర్చును మ్యాచ్‌గా చూపేటప్పుడు దాని మూలం అడగాలి. సెయింట్ లూయిస్ జూకు నగర, కౌంటీ ఆస్తిపన్ను నుంచి నిధి వస్తుంది, 1971లో ఓటర్లు ఒప్పుకున్న పన్ను అది. అలాంటి స్థానిక సొమ్ము మ్యాచ్‌గా పనికొస్తుంది. అదే భాగస్వామి ఇంకో ఫెడరల్ గ్రాంటులోంచి ఖర్చుపెట్టి ఉంటే పనికిరాదు.

స్వచ్ఛంద కార్యకర్తల గంటలు మ్యాచ్ అవుతాయి. కానీ తేదీ, చేసిన పని, గంటలు, సంతకం, గంటకు కట్టిన విలువకు ఆధారం అన్నీ ఉండాలి. గ్రాంటు మొదలవక ముందు చేసిన పని లెక్కకు రాదు. ఒకే గంటను రెండు గ్రాంటుల్లో చూపితే రెండూ చిక్కులో పడతాయి. సీజను చివర్లో గుర్తు తెచ్చుకుని రాసిన పట్టికలు ఆడిట్‌లో నిలవవు. పొలంలోనే, ఆ రోజే రాయించాలి.

డబ్బు ముందు రాదు. రాష్ట్రం ఖర్చుపెట్టి తర్వాత రాబట్టుకోవాలి. చెలామణికి సొంత నగదు లేని విభాగం గ్రాంటు గెలిచినా పని మొదలుపెట్టలేదు. అమ్మకపు పన్ను మిస్సోరికి ఇచ్చే, పైకి కనబడని మరో సాయం ఇది.

పర్యావరణ పరిశీలన, అంతరించే జాతుల మీద ప్రభావం, చారిత్రక స్థలాల పరిశీలన ముగిసేదాకా నేల తవ్వకూడదు. హెల్‌బెండర్ గుడ్లు పెట్టడానికి నదిలో సిమెంటు గూళ్ళు దింపడం చిన్నపనే అనిపిస్తుంది, కానీ నది అడుగు కదిలించడానికి అనుమతులు కావాలి. శరదృతువులో దింపాలంటే కాగితం కిందటి చలికాలంలోనే మొదలవ్వాలి. ఇది తప్పితే ఏడాది మొత్తం పోతుంది, ఎందుకంటే ప్రాణి గుడ్లు పెట్టే కాలం మన ఫైలు కోసం ఆగదు.

మిగతా దారులు

ఆదాయపు పన్ను ఫారంలో వన్యప్రాణులకు విరాళం గడి పెట్టిన మొదటి రాష్ట్రం కొలరాడో, 1977లో. పదేళ్ళు తిరక్కుండానే ముప్పైకి పైగా రాష్ట్రాలు అనుసరించాయి. చట్టం చేయడం సులువు, ఎవరి మీదా భారం లేదు. మిన్నెసోటా లాంటి చోట్ల నాన్-గేమ్ విభాగాలు దాని మీదే పుట్టాయి, మంచి పనులు చేశాయి. కానీ ఆ విజయమే దాన్ని తినేసింది. వన్యప్రాణుల గడి పక్కన జబ్బుల పరిశోధనకు, పిల్లల సంక్షేమానికి, సైనికుల కుటుంబాలకు గడులు వచ్చి చేరాయి. అన్నీ మంచి పనులే, ఇచ్చే చెయ్యి మాత్రం ఒక్కటే. కాలిఫోర్నియాలో చాలా విరాళ నిధులకు ఏటా 2,50,000 డాలర్లు రాకపోతే గడి తీసేసే నియమం కూడా ఉంది. పైగా గడి పక్కన బొమ్మగా పెట్టేది గద్దనో, నీటిపక్షినో. ముడతల చర్మపు ఉభయచరం ముఖం చూసి రీఫండ్ వదులుకునేవాళ్ళు తక్కువ.

వాహనాల నంబరు ప్లేట్లదీ అదే తీరు, అదనంగా ఇంకో ప్రమాదం ఉంది. జార్జియాలో నాన్-గేమ్ విభాగానికి రాష్ట్ర సాధారణ ఖజానా నుంచి పైసా రాదు. బట్టతల గద్ద బొమ్మ ప్లేట్లే పెద్ద ఆధారం. 2010లో శాసనసభ నియమం మార్చి ప్లేటు సొమ్ములో ఎక్కువ భాగం ఖజానాకు మళ్ళించింది. కొనేవాళ్ళు తగ్గారు. 2014లో మళ్ళీ సరిచేసి, 25 డాలర్ల రుసుములో 19 విభాగానికి వెళ్ళేలా రాశారు. సరిచేసినందుకు సంతోషమే. కానీ మామూలు చట్టంలో ఉన్నది మామూలు మెజారిటీతో పోతుందని జీతాలు ఆ ఖాతా మీద పెట్టుకున్న వాళ్ళకు ఆ నాలుగేళ్ళు తెలిసొచ్చింది.

ఇక ఫెడరల్ స్థాయిలో, రాష్ట్రాలకు ఏటా 130 కోట్ల డాలర్లు, ఆదివాసీ జాతులకు 9.75 కోట్లు శాశ్వతంగా ఇచ్చే బిల్లు 2022 జూన్‌లో ప్రతినిధుల సభలో 231-190తో నెగ్గింది, సెనేట్ దాటలేదు.

బలహీనతలు

మిస్సోరి పద్ధతిలో లోపాలున్నాయి. మొదటిది, అమ్మకపు పన్ను పేదవాడి ఆదాయంలో ఎక్కువ శాతం తింటుంది. 1997లో రాష్ట్రం ఆహార సరుకుల మీద సాధారణ 3 శాతం ఎత్తేసింది కానీ, కన్సర్వేషన్ వాటా రాజ్యాంగంలో ఉండటంతో సరుకుల మీద కూడా మిగిలింది. మొత్తం చిన్నదే, అయినా న్యాయమైన ప్రశ్నే. ఉచిత ప్రవేశం, నగరాల్లో ప్రకృతి కేంద్రాలు, అద్దె ఇళ్ళల్లో ఉండేవాళ్ళకు దగ్గర్లో చెట్టూ చెరువూ: వీటి మీద శాఖ ఖర్చుపెట్టడమే దానికి జవాబు కావాలి. పల్లె భూములకే పరిమితమైతే జవాబు ఉండదు.

రెండోది, మాంద్యంలో ఆదాయం పడిపోతుంది. ఒక ఏడాది మంచి వసూలు చూసి శాశ్వత ఉద్యోగాలు వేస్తే తర్వాతి మాంద్యంలో తీసేయాల్సి వస్తుంది. మంచి ఏళ్ళ మిగులును భూమి కొనుగోలు, కట్టడాలు లాంటి ఒకసారి ఖర్చులకే వాడాలి.

మూడోది పునాదికే సంబంధించింది. జనం కొనుగోళ్ళు ఆన్‌లైన్‌కు మారినకొద్దీ పన్ను జారిపోయింది. బయటి రాష్ట్రపు అమ్మకందారు నుంచి కూడా పన్ను రాబట్టవచ్చని 2018 జూన్‌లో సుప్రీంకోర్టు వేఫేర్ కేసులో తీర్పిచ్చింది. అమ్మకపు పన్ను ఉన్న రాష్ట్రాల్లో ఆ తీర్పును వాడుకోవడానికి చట్టం చేసిన చివరిది మిస్సోరి. 2021లో చట్టం చేస్తే 2023 జనవరి 1న అమలైంది. నాలుగున్నరేళ్ళ పాటు రావలసిన సెంట్లు రాలేదు. వన్యప్రాణి శాఖల ఆర్థిక సిబ్బంది రెవెన్యూ శాఖ చట్టాలను కూడా వెంటాడి చదవాలని చెప్పడం ఇందుకే.

నాలుగోది గడువు లేకపోవడం. ఈ పన్నును మళ్ళీ ఓటుకు పెట్టాలన్న ప్రతిపాదనలు శాసనసభలో పలుమార్లు వచ్చాయి. ఇందుకు భిన్నంగా పార్కులు, నేల పన్ను 1984లో గడువుతో వచ్చింది. 1988, 1996, 2006, 2016లో ఓటర్లు పొడిగించారు, చివరిసారి సుమారు 80 శాతం మద్దతుతో. గడువుంటే పదేళ్ళకోసారి ప్రజలకు పని చూపించాల్సిందే, అది మంచి క్రమశిక్షణ. కానీ 30 ఏళ్ళు బతికే ప్రాణికి పదేళ్ళ హామీ చాలదు. హెల్‌బెండర్ లాంటి ప్రాణులే ముఖ్యమైతే గడువు లేని పన్నునే ఎంచుకోవాలని మా అభిప్రాయం. ప్రజలకు లెక్క చెప్పడం ఎన్నిక కోసం ఆగకుండా ఏటా జరగాలి.

ఇతర రాష్ట్రాలు నేర్చుకున్నవి

అర్కాన్సా 1996లో 75వ సవరణతో అదే ఎనిమిదో వంతును తెచ్చుకుంది. కాకపోతే పంచుకుంది: వేట, చేపల కమిషన్‌కు 45 శాతం, పార్కులకు 45, వారసత్వ శాఖకు 9, రాష్ట్రాన్ని శుభ్రంగా ఉంచే కార్యక్రమానికి 1. మద్దతుదారులు పెరిగారు, ఒక్కొక్కరి వాటా తగ్గింది. మిన్నెసోటా 2008లో శాతంలో ఎనిమిదింట మూడు వంతులకు ఓటేసింది, 2034 వరకు గడువుతో.

ఉత్తరాన ఆనుకునే ఉన్న అయోవా కథ వేరు. 2010లో అక్కడి ఓటర్లు 63 శాతం మద్దతుతో రాజ్యాంగంలోనే ప్రకృతి వనరుల ట్రస్టు నిధి ఏర్పాటు చేశారు. రేటు కూడా ఎనిమిదింట మూడు వంతులే. అయితే సవరణ పన్ను విధించలేదు. ఇక ముందు శాసనసభ అమ్మకపు పన్ను పెంచినప్పుడు, ఆ పెంపులోంచి మొదటి భాగం ఈ నిధికి రావాలని మాత్రమే రాశారు. ఆ తర్వాత శాసనసభ పన్ను పెంచలేదు. నిధి రాజ్యాంగంలో ఉంది, ఖాతాలో డబ్బు లేదు. మిస్సోరి సవరణలో రేటుతో పాటు ఏ రోజు నుంచి వసూలు చేయాలో తేదీ కూడా ఉంది.